ముందు బలిపీఠం రాయి, దేవుడు తర్వాత

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

రోల్‌ప్లేయింగ్ ఆట కోసం గ్రీకు దేవుళ్లతో నువ్వు రాసి పంపిన అడ్వెంచర్ మొత్తం చదివాను. మొదట్లో వచ్చే ఓడరేవు సంత చాలా బాగుంది. చేపలమ్మేవాడు ప్లేయర్లతో బేరమాడే తీరు చూస్తే, మనుషులు ఎలా మాట్లాడుకుంటారో నువ్వు శ్రద్ధగా విన్నావని తెలుస్తోంది. అక్కడ ఒక్క ముక్క కూడా మార్చకు. గుడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం కథ చల్లబడింది. జియస్ పిడుగు పట్టుకుని ప్రత్యక్షమవుతాడు, పార్టీకి, అంటే ప్లేయర్ల జట్టుకు, ఒక పని అప్పజెప్తాడు, మాయమైపోతాడు. మూడో సెషన్‌లో యుద్ధదేవుడు ఆరెస్‌తో పోరు, దానికోసం ఒక పేజీ నిండా ఆయన స్టాట్స్, అంటే బలాన్ని కొలిచే అంకెలు. ఇన్ని పేజీల్లో నీ ఊరివాళ్లు ఒక్కరంటే ఒక్కరు ఏ దేవుడికీ ఏమీ ఇచ్చుకోలేదు, ఏమీ కోరుకోలేదు, ఎవరికీ మొక్కు బాకీ పడలేదు. దేవుళ్లు ఉన్నారు గానీ పూజ లేదు. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క విషయం గురించే.

ఇది నీ ఒక్కడి అలవాటని అనుకోకు. ఈ ఆటతోపాటే వచ్చింది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) 1974లో మొదలైతే, 1976కల్లా పురాణ దేవతల స్టాట్స్‌తో ఒక సప్లిమెంట్ వచ్చేసింది. 1980లో వచ్చిన పెద్ద పుస్తకంలో జియస్‌కు 400 హిట్ పాయింట్లు, అంటే ప్రాణానికి పెట్టిన అంకె. అంకె కనబడగానే దాన్ని సున్నా ఎలా చెయ్యాలా అని ప్లేయర్ లెక్కలు మొదలుపెడతాడు. ఆట వాళ్లకు నేర్పింది అదే, వాళ్లననడానికి లేదు. వేరే దారి వెతికినవాళ్లూ అప్పట్నుంచే ఉన్నారు. 1978 నాటి రూన్‌క్వెస్ట్‌లో క్యారెక్టర్ ఏ దేవుడి కల్ట్‌కు, అంటే భక్తుల బృందానికి, చెందినవాడన్నది చాలా ముఖ్యం. 2020లో డీ అండ్ డీకే గ్రీకు ఛాయలున్న థెరోస్ పుస్తకం వచ్చింది, అందులో భక్తికి పాయింట్లు పెట్టారు. భక్తిని పాయింట్లలో కొలవడం నాకంతగా నచ్చదు గానీ, ఆ పుస్తకం చూస్తున్న వైపు సరైనదే.

ఇక నీ కథలోకి వద్దాం. జియస్ అని రాశావు. ఏ జియస్? గ్రీకుల్లో ఎవరైనా మొట్టమొదట అడిగేది ఇదే. ప్రమాణాలకు కాపలా కాసే జియస్ హోర్కియోస్ ఉన్నాడు. అతిథుల జియస్ జెనియోస్ ఉన్నాడు. ఇంట్లో సామాన్ల గదిలో చిన్న జాడీ రూపంలో ఉండి సంసారాన్ని కాపాడే జియస్ క్తేసియోస్ ఉన్నాడు. శిల్పాల్లో పెద్ద పాముగా కనిపించే జియస్ మైలీకియోస్ ఉన్నాడు. అహోబిలంలో తొమ్మిది నరసింహులను చూసినవాళ్లం మనం, ఒకే స్వామి ఒక్కోచోట ఒక్కో తీరుగా ఉంటాడంటే మనకు వింతగా అనిపించదు. మన టేబుల్ దగ్గర ఇది వివరించాల్సిన అవసరమే రాదు, అది నీకు కలిసొచ్చే విషయం.

దీన్ని కథలో ఎలా వాడాలో ఏథెన్స్ రచయిత జెనొఫోన్ జీవితంలోనే ఉంది. పర్షియా రాకుమారుడు సైరస్ దండయాత్రకు రమ్మని స్నేహితుడు పిలిస్తే ఆయన సోక్రటీస్ సలహా అడిగాడు. డెల్ఫీకి వెళ్లి అపోలోను అడుగు అన్నాడు సోక్రటీస్. జెనొఫోన్ వెళ్లి, "క్షేమంగా వెళ్లి రావాలంటే ఏయే దేవుళ్లకు బలి ఇవ్వాలి?" అని అడిగాడు. జవాబు వచ్చింది. తిరిగొచ్చి చెబితే సోక్రటీస్ మందలించాడు: వెళ్లాలా వద్దా అని కదా ముందు అడగాల్సింది! ప్రశ్న అడిగిన తీరులోనే నిర్ణయం జరిగిపోయింది. నీ ప్లేయర్లను ఒరాకిల్ దగ్గరికి, అంటే దేవుడి జవాబు దొరికే చోటికి, పంపినప్పుడు ఒక్క ప్రశ్నే అడగనివ్వు. దాన్ని వాళ్ల చేతే కాగితం మీద రాయించు, రాశాక మార్చనివ్వకు. ఆ కాగితం చుట్టూ వాళ్లు పడే టెన్షన్ ఏ యుద్ధంలోనూ రాదు.

ఆ కథ అక్కడితో అయిపోలేదు. క్రీ.పూ. 399లో, దండయాత్ర అంతా ముగిసి, లాంప్సకస్ చేరేసరికి జెనొఫోన్ దగ్గర ఇంటికెళ్లడానికి కూడా డబ్బుల్లేవు. యూక్లిడీస్ అనే శకునగాడు ముందు నమ్మలేదు. అపోలోకు బలిచ్చినప్పుడు లోపలి అవయవాలు చూశాక నమ్మాడు. నీకు డబ్బు రాకుండా జియస్ మైలీకియోస్ అడ్డుపడుతున్నాడు, ఇంటి దగ్గర ఉన్నప్పుడు చేసినట్టు ఆయనకు బలిచ్చావా అని అడిగాడు. జెనొఫోన్ ఇల్లు వదిలాక ఆయన జోలికే పోలేదు. డెల్ఫీ చెప్పిన జియస్ బాసిలియస్‌కు, అంటే రాజు జియస్‌కు, దారి పొడుగునా బలులిస్తూనే వచ్చాడు మరి. మర్నాడు పందుల్ని పూర్తిగా దహనం చేసి మైలీకియోస్‌కు అర్పించాడు. అదే రోజు సైన్యానికి జీతాలిచ్చేవాళ్లు వచ్చారు. డబ్బుల్లేక యాభై దారిక్ బంగారు నాణేలకు అమ్ముకున్న గుర్రాన్ని వాళ్లే కొని తెచ్చి ఊరికే ఇచ్చేశారు. ఇందులో దేవుడు ఒక్కసారి కూడా కనిపించడు, చూశావా? ఒక బాకీ ఉంది, దాన్ని గుర్తుచేసేవాడున్నాడు, తీర్చాక పరిస్థితి మారింది. ఇలాంటిది ఒక్కటి నీ క్యాంపెయిన్‌లో పెట్టు. పార్టీ అంతా ఎథీనాకు మొక్కుతూ తిరుగుతుంటుంది, వాళ్లలో ఒకడి ఇంటి దేవుడు మాత్రం మూడు సెషన్లుగా ఆకలితో ఉన్నాడు.

బలి ఎలా జరుగుతుందో నీకు కళ్లకు కట్టినట్టు తెలియాలి. నువ్వు గుడి లోపల పొగ, చీకటి, గుంపు రాశావు. గ్రీకు గుడి లోపల ప్రధానంగా విగ్రహం ఉంటుంది. జనం చేరేది బయట, ఆకాశం కింద ఉన్న బలిపీఠం దగ్గర. ఊరేగింపు వస్తుంది. ముందు ఒక కన్నెపిల్ల బుట్ట మోస్తుంది, అందులో బార్లీ గింజల కింద కత్తి దాగి ఉంటుంది. అందరూ చేతులు కడుక్కుంటారు, గింజలు చల్లుతారు, పశువు నుదుటి మీద వెంట్రుకలు కొన్ని కోసి నిప్పులో వేస్తారు. దెబ్బ పడే క్షణంలో ఆడవాళ్లు ఒక్కసారిగా గొంతెత్తి కేక వేస్తారు. తొడ ఎముకలను కొవ్వులో చుట్టి కాలుస్తారు, ఆ పొగ దేవుడి వాటా. గుండె, కాలేయం లాంటివి ఇనుప చువ్వలకు గుచ్చి కాల్చి, దగ్గరివాళ్లు ముందు తింటారు. మిగతా మాంసం వండి అందరూ పంచుకుంటారు. పూజారికి ఆయన వాటా ఉంటుంది, చాలాచోట్ల చర్మం కూడా ఆయనదే. కొన్ని గుళ్లలో మాంసం బయటికి పట్టుకెళ్లకూడదు, అక్కడే తినెయ్యాలి.

మంచి ముక్కలు మనుషులకు, ఎముకలు దేవుడికా అని నీ ప్లేయర్ ఎవరైనా అడుగుతాడు. అడగాలి కూడా. గ్రీకులే అడిగారు, వాళ్ల పాత కవి హేసియడ్ జవాబు చెప్పాడు: మెకోనేలో వాటాలు పంచేటప్పుడు ప్రొమీథియస్ జియస్‌ను మోసం చెయ్యబోయాడు, దాని ఫలితమే మనిషి చేతిలోంచి నిప్పు పోవడం, ఆపైన వచ్చిన కష్టాలన్నీ. ప్రతి బలీ ఆ పాత తగాదాను గుర్తుచేస్తుంది. ఇక్కడ నువ్వు రాయగలిగిన సీన్లు ఎన్నో ఉన్నాయి. కొత్తగా ఊరొచ్చిన పార్టీకి వాటా పెడతారా? పెడితే ఏ ముక్క? హత్య చేశాడని పుకారున్నవాడు వరుసలో నిలబడితే పక్కనున్నవాడు ఏం చేస్తాడు? ఒక్క కత్తి దుయ్యకుండా ఆ ఊళ్లో ఎవరి స్థానం ఏంటో మొత్తం చెప్పెయ్యొచ్చు.

ఒక జాగ్రత్త చెప్తాను, తేలిగ్గా తీసుకోకు. మన టేబుల్స్ దగ్గర శాకాహారులుంటారు, గోవధ మాట వింటేనే మనసు కష్టపెట్టుకునేవాళ్లుంటారు. ఆట మొదలుపెట్టే ముందే అందర్నీ అడుగు. గ్రీకులు ప్రతిసారీ పశువునే ఇవ్వలేదు. తేనె కలిపిన రొట్టెలు, పాలు, ధూపం, నేల మీద ధారగా పోసే వైన్ కూడా అర్పించారు. యూమెనిడీస్ లాంటి ఉగ్రదేవతలకు వైన్ కూడా పొయ్యకుండా నీళ్లు, తేనె ఇచ్చారు. దేనివల్లా కథ బలం తగ్గదు. అలాగే జియస్ ఆడవాళ్లను బలాత్కరించిన కథలు చాలా ఉన్నాయి. అవి టేబుల్ మీదికి రావాలా వద్దా అన్నది నీ ఒక్కడి నిర్ణయంగా ఉంచుకోకు.

ప్రార్థన ఎలా రాయాలో ఇలియడ్ మొదట్లోనే ఉంది. కూతుర్ని పోగొట్టుకున్న పూజారి క్రైసీస్ సముద్రం ఒడ్డున అపోలోను పిలుస్తాడు. ముందు ఆయన్ను సరైన పేరుతో పిలుస్తాడు: వెండి విల్లువాడా, స్మింథియస్ అని. తర్వాత తనెవరో గుర్తుచేస్తాడు: నీ గుడికి కప్పు వేయించాను కదా, నీకు కొవ్వు పట్టిన తొడలు కాల్చాను కదా. ఆ తర్వాతే కోరిక: నా కన్నీళ్లకు వాళ్లు బదులు చెల్లించాలి. నీ క్లెరిక్ ప్లేయర్ ఇకపై "నేను హీలింగ్ వేస్తున్నా" అని డైస్ తియ్యకూడదు. ఈ వరసలోనే నోటితో చెప్పాలి. గుర్తుచెయ్యడానికి ఏమీ లేకపోతే అక్కడ ఆగిపోతాడు. ఆ మౌనంలో ఏం బాకీ పడాలో అతనే ఆలోచించుకుంటాడు.

క్లెరిక్ అన్నాను కాబట్టి ఇంకో మాట. ఈ ఆటలో క్లెరిక్ అంటే దేవుడి తరఫున గద పట్టుకుని ఊరూరా తిరిగేవాడు. గ్రీకు పూజారి అలాంటివాడు కాదు. వాళ్లకు పవిత్ర గ్రంథం లేదు, మత సిద్ధాంతం నూరిపోసే బడి లేదు. ఎల్యూసిస్‌లో లాగా కొన్ని పదవులు వంశాలవి. కొన్ని చీటీ వేసి ఇచ్చేవి, కొన్ని ఊళ్లలో డబ్బు పెట్టి కొనుక్కునేవి. పూజారి అంటే ఒక గుడికి, ఒక ఊరికి జవాబుదారీ. ఆ జవాబుదారీ ఎంత బరువైనదో చరిత్రకారుడు థూసిడిడీస్ నాలుగు వాక్యాల్లో చెప్తాడు. క్రీ.పూ. 423లో ఆర్గోస్ హీరా గుడిలో పూజారిణి క్రైసిస్ పూలమాలల దగ్గర దీపం పెట్టి నిద్రపోయింది. గుడి మొత్తం కాలిపోయింది. యాభై ఏళ్లకు పైగా ఆ పదవిలో ఉన్న మనిషి, ఊరివాళ్లకు భయపడి ఆ రాత్రికి రాత్రే ఫ్లియస్‌కు పారిపోయింది. ఆర్గోస్ వాళ్లు ఇంకో పూజారిణిని పెట్టుకున్నారు. నీ పార్టీకి దారిలో ఆ ముసలామె ఎదురైతే చాలు, దెయ్యాలూ డ్రాగన్లూ ఏవీ అక్కర్లేదు.

రోగం నయం కావాలంటే ఎపిడారస్ ఉంది. అస్క్లీపియస్ గుళ్లో నిద్ర చేస్తారు, కలలో దేవుడు వస్తాడు. నయమైనవాళ్ల కథలు రాళ్ల మీద చెక్కించి పెట్టారు, క్రీ.పూ. 4వ శతాబ్దానివి ఇప్పటికీ ఉన్నాయి. అందులో యూఫనీస్ అనే పిల్లవాడి కథ నాకు ప్రాణం. రాయి జబ్బుతో వచ్చి పడుకున్నాడు. దేవుడు కల్లోకి వచ్చి, నయం చేస్తే నాకేమిస్తావు అని అడిగాడు. వాడు తన దగ్గరున్న ఆస్తి చెప్పాడు: పది ఆటబొమికలు. గొర్రె మడమ ఎముకలవి, పాచికల్లా వేసి ఆడుకునేవి. దేవుడు నవ్వి సరే అన్నాడు. తెల్లారేసరికి పిల్లవాడికి నయమైంది. మన డైస్‌కు పూర్వీకులైన ఆ ఎముకలు ఒక దేవుడికి ఫీజుగా వెళ్లాయంటే ఈ ఆట ఆడేవాళ్లెవరైనా సంతోషించరా? పక్కనే ఇంకో కథ ఉంది. పండారస్ నుదుటి మీద మచ్చలు పోయాయి, కృతజ్ఞతగా దేవుడికి ఇవ్వమని ఎకెడోరస్ చేతికి డబ్బిచ్చాడు. వాడు ఆ డబ్బు నొక్కేసి, తన మచ్చలు పోగొట్టుకుందామని వచ్చి పడుకున్నాడు. దేవుడు అడిగితే లేదని బొంకాడు. లేచి చూసుకుంటే తన మచ్చలకు తోడు పండారస్ మచ్చలు కూడా వచ్చి చేరాయి.

అన్నిటికంటే నీకు ఎక్కువ పనికొచ్చే నియమం మియాస్మా, అంటే అంటు లాంటి కలుషం. చావు, పురుడు, ముఖ్యంగా హత్య మనిషికి అంటుకుంటాయి. అంటుకున్నవాడు గుళ్లోకి రాకూడదు, కడుక్కునేదాకా అందరికీ ప్రమాదమే. ఆలోచించు: మన ఆటలో పార్టీ వారానికి ఎంతమందిని చంపుతుంది? నీ రెండో సెషన్‌లో దొంగల్ని నరికేసి, నెత్తుటి చేతులతో నేరుగా ఎథీనా గుడి మెట్లెక్కారు, ఎవరూ ఆపలేదు. అక్కడ ఆపు. పంది నెత్తుటితో శుద్ధి చేసేవాళ్లను వెతుక్కోనీ, ఊరి బయట పడుకోనీ. యుద్ధం గెలవడం ఎంత కష్టమో గెలిచాక మళ్లీ మనుషుల్లో కలవడం కూడా అంత కష్టం కావాలి.

శరణు కోరినవాళ్లను ముట్టుకోవడం ఇంకా పెద్ద నేరం. క్రీ.పూ. 7వ శతాబ్దంలో కైలన్ మనుషులు ఏథెన్స్‌ను పట్టుకోబోయి విఫలమై ఎథీనాను శరణుజొచ్చారు. విచారణకు దిగి రమ్మంటే, విగ్రహానికి దారం కట్టి, ఆ దారం పట్టుకునే నడిచారని ప్లుటార్క్ రాశాడు. ఉగ్రదేవతల గుడి దగ్గరికి వచ్చేసరికి దారం తెగింది. దేవి వీళ్లను వదిలేసిందంటూ మెగాక్లీస్, మిగతా అధికారులూ వాళ్ల మీద పడ్డారు, బలిపీఠాల దగ్గర చేరినవాళ్లను కూడా చంపారు. ఆ శాపం మెగాక్లీస్ వంశాన్ని వదల్లేదు. ఇంచుమించు 200 ఏళ్ల తర్వాత స్పార్టా వాళ్లు "శాపగ్రస్తుల్ని వెళ్లగొట్టండి" అని ఏథెన్స్‌కు కబురు పెడితే, వాళ్ల గురి తల్లివైపున ఆ వంశానికి చెందిన ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ మీద. మీ పార్టీ ఒక్క రాత్రి చేసిన పని మనవల తరానికి ఎలా చేరుతుందో రాయాలంటే ఇంతకంటే మంచి నమూనా నాకు తెలియదు.

నీకు డంజియన్, అంటే ప్రమాదాలు నిండిన గుహ, కావాలని తెలుసు. ఆ గుహలోని అస్థిపంజరాలు తీసేసి లెబదీయాకు వెళ్లు. అక్కడ ట్రొఫోనియస్ ఒరాకిల్ ఉండేది. క్రీ.శ. 2వ శతాబ్దంలో దేశం తిరిగిన పౌసానియస్ స్వయంగా అందులోకి దిగి వచ్చి రాశాడు. కొన్ని రోజులు నియమంగా ఉండాలి, హెర్కినా నదిలోనే స్నానం. బలుల మీద బలులు, వాటిలో శకునాలు కుదరాలి. చివరి రాత్రి పొట్టేలును గుంటలో బలిస్తారు, అది కుదరకపోతే ముందువన్నీ లెక్కలోకి రావు. పదమూడేళ్ల పిల్లలిద్దరు స్నానం చేయించి నూనె రాస్తారు. మరపు నీళ్లు తాగిస్తారు, తర్వాత జ్ఞాపకపు నీళ్లు. నిచ్చెన మీదుగా గోతిలోకి దిగి, తేనె రొట్టెలు చేత పట్టుకుని వెల్లకిలా పడుకుని, గోడ కింద చిన్న కంతలోకి పాదాలు పెట్టాలి. మోకాళ్ల దాకా వెళ్లాక, నది సుడి లాగినట్టు మిగతా ఒళ్లంతా లోపలికి లాగేస్తుంది. కొందరికి కనిపిస్తుంది, కొందరికి వినిపిస్తుంది. బయటికి కూడా పాదాలే ముందు వస్తాయి. పూజారులు జ్ఞాపకపు కుర్చీలో కూర్చోబెట్టి అడుగుతారు. భయంతో తనెవరో తనకే తెలియని స్థితిలో ఇంటివాళ్లు మోసుకెళ్తారు. నవ్వు తర్వాతెప్పుడో తిరిగొస్తుంది.

అక్కడ చనిపోయింది ఒక్కడేనని పౌసానియస్‌తో చెప్పారట. డెమెట్రియస్ అంగరక్షకుల్లో ఒకడు. పూజలేవీ చెయ్యలేదు, దేవుణ్ణి అడగడానికి రాలేదు, లోపల బంగారం, వెండి దొరుకుతాయని దిగాడు. శవం పవిత్రమైన ఆ ద్వారంలోంచి రాకుండా ఇంకెక్కడో తేలింది. వాడు ఎవరో తెలుసా? మన టేబుల్ మీద ప్రతి వారం కూర్చునే సాహసికుడు వాడే. మీ పార్టీలో ఎవరు ఇలియడ్ పూజారి క్రైసీస్ లాగా వచ్చారు, ఎవరు ఆ అంగరక్షకుడి లాగా వచ్చారు అన్నదాన్ని బట్టి ఆ కంత అవతల ఏముందో నువ్వు నిర్ణయించు.

డైస్ గురించి అడిగావు. శకునాలకు డైస్ బాగా సరిపోతుంది, కాకపోతే దాని చుట్టూ సమయం నడవాలి. క్రీ.పూ. 479లో ప్లాటియా దగ్గర స్పార్టా సేనాని, పేరు అతనిదీ పౌసానియసే, శకునాలు కుదరలేదని దాడికి ఆజ్ఞ ఇవ్వలేదు. పర్షియన్ల బాణాలు కురుస్తున్నాయి, మనుషులు పడిపోతున్నారు, బలి తర్వాత బలి ఇస్తున్నారు. చివరికి అతను హీరా గుడి వైపు చూసి మొరపెట్టుకున్నాడు. అప్పుడు కుదిరాయి. దీన్ని ఉన్నదున్నట్టు ఆడించు: ప్రతి చెడ్డ రోల్‌కు పక్కన ఒక పేరున్న మనిషి పోతాడు. ఆజ్ఞ ఇచ్చేస్తారా, ఇంకో పశువు తెమ్మంటారా, ప్లేయర్లే తేల్చుకోవాలి.

మిగతావి క్లుప్తంగా చెప్తాను. హేడీస్‌ను విలన్‌ను చెయ్యకు. ఆయన చనిపోయినవాళ్ల రాజు, జనం ఆయన పేరు పలకడానికి వెనకాడేవాళ్లు, అంతే. దేవుళ్ల పక్కన మంచి, చెడ్డ అని అలైన్‌మెంట్ రాయడం మానెయ్. అపోలో ప్లేగు పంపుతాడు, ఆయనే తగ్గిస్తాడు. జియస్‌ను ఇంద్రుడని, హేడీస్‌ను యముడని పరిచయం చెయ్యకు. ప్లేయర్ల బుర్రలో మన కథ నడవడం మొదలైతే నీ కథ ఆగిపోతుంది. హారతి, తీర్థం లాంటి మాటలు కూడా ఆ ఊళ్లో వద్దు. దేవుళ్లు సామాన్యుల గొడవలు కూడా వింటారని మర్చిపోకు: జియస్ ఒరాకిల్ ఉన్న డొడోనాలో జనం సీసపు రేకుల మీద రాసిన ప్రశ్నలు వేలల్లో దొరికాయి. అన్నైలా కడుపులో బిడ్డ తనదేనా అని లైసానియాస్ అడిగాడు. దుప్పట్లూ దిండ్లూ పోయాయి, బయటివాళ్లెవరైనా ఎత్తుకెళ్లారా అని ఏగిస్ అడిగాడు. నీ చేపలమ్మేవాడు కూడా ఏదో ఒకటి అడిగి ఉంటాడు కదా. అదేంటో కనుక్కో.

దేవుణ్ణి చూపించకుండా ఉండలేనంటే, ఒక్కసారికి ఒప్పుకుంటాను. క్రీ.పూ. 490లో ఏథెన్స్ వార్తాహరుడు ఫిలిప్పిడీస్ మారథాన్ యుద్ధానికి సాయం అడగడానికి స్పార్టాకు పరిగెత్తుతుంటే, తెగియా పైన కొండల్లో పాన్ దేవుడు అతన్ని పేరు పెట్టి పిలిచాడని హెరోడోటస్ రాశాడు. మీ ఏథెన్స్‌కు నేను ఎన్నోసార్లు మేలు చేశాను, ఇకముందూ చేస్తాను, నన్నెందుకు పట్టించుకోరు అని అడిగాడు. యుద్ధం అయ్యాక ఏథెన్స్ వాళ్లు అక్రోపోలిస్ కింద ఆయనకు గుడి పెట్టి, ఏటా బలులు, కాగడాల పరుగు మొదలుపెట్టారు. జియస్ ప్రత్యక్షమయ్యే నీ సీన్ తీసేసి ఈ పద్ధతిలో రాయి. దేవుడు పని అప్పజెప్పడు, తనకు రావాల్సింది అడుగుతాడు. పార్టీ వెళ్లి ఊరిని ఒప్పించాలి. ఊరివాళ్లు ఖర్చెవరు పెట్టుకుంటారని అడుగుతారు, ఉన్న గుడి పూజారికి కోపమొస్తుంది, స్థలం విషయంలో గొడవ అవుతుంది. రెండు సెషన్లకు సరిపడా కథ అందులోనే ఉంది.

ఆరెస్ స్టాట్స్ పేజీ చించెయ్యమని అనను, ఒక పక్కన పెట్టు. రెండో డ్రాఫ్ట్ మొత్తం రాయాల్సిన పని లేదు. ఓడ బయల్దేరే ముందు రేవులో పొసైడన్‌కు ఇచ్చే బలి ఒక్కటి రాసి పంపు: పశువును ఎవరు కొన్నారు, డబ్బెక్కడిది, ఎవరి వాటా తగ్గింది, ఎవరు రాలేదు. అది చూశాక మిగతాది మాట్లాడుకుందాం.

నీ అన్నయ్య